అయస్కాంతం పట్టని గిన్నె

వేట బందైన రెండు నెలల్లో
మా బోటు పొట్ట విప్పి చూశారు.
ఇంజను పక్కన ఇన్నేళ్లూ యాసిడ్ తాగి
పచ్చగా చిలుము పట్టిన నాలుగు బ్యాటరీలు,
ఒక్కోదాన్నీ ఇద్దరం పీనుగులా మోశాం జెట్టీ మీదికి.
పాత సామాన్లవాడు కాలితో తట్టి రేటు కట్టాడు.

వాటి చోట్లో ఒక నీలం పెట్టె కూర్చుంది.
బరువులో సగం కూడా లేదు.
"లిథియం" అంది జలజ.
కంచరపాలెం ఐటీఐలో చదివిన పిల్ల,
పళ్ల మధ్య స్క్రూలు పెట్టుకునే మాట్లాడుతుంది.
కేబిన్ కప్పు మీద నాలుగు సోలార్ పలకలు పరిచి
నా బొటనవేలంత తీగ కిందికి దించింది.
"సన్నది వేస్తే తీగే పొయ్యి అయిపోద్ది చిన్నాన్నా."

నేను మసేనుని. తొమ్మిదిమందికి వండేవాణ్ణి.
మోచేతి మచ్చలు చూసి
ఏ గాలికి ఏ పులుసు ఒలికిందో చెప్పగలను.
కిరసనాయిలు పొయ్యిని గొలుసుతో కట్టి,
గొలుసుని మడమతో తొక్కి,
మోకాలితో గిన్నె అదిమి
ఇరవై ఆరేళ్లు ఒంటికాలి మీద వండాను.

కొత్త పొయ్యి నల్లటి అద్దం.
అందులో నా మొహం కనిపించింది, మంట కనిపించలేదు.
సత్తు గిన్నె పెట్టాను. ఊరుకుంది.
మళ్లీ పెట్టాను. కుయ్యిమని ఓ కూత కూసి ఆరిపోయింది.
మూడు బోట్లు మారింది నాతో ఆ గిన్నె,
అడుగున నాలుగు అతుకులు.
జలజ జేబులోంచి అయస్కాంతం తీసి ఆనించింది.
జారి పడింది.
"నువ్వు పెట్టింది గిన్నె అని దీనికి తెలీదు చిన్నాన్నా."

ఇరవై ఆరేళ్లు అన్నం పెట్టింది.
గిన్నె అని తెలీదంట.

పూర్ణా మార్కెట్లో అయస్కాంతం పట్టుకుని
కొట్టు కొట్టూ తిరిగాను.
గిన్నెలు బోర్లించి అడుగులు చూస్తుంటే
"ఏటి బావూ, జాతకం కుదరాలా?" అన్నాడొకాయన.
ఆఖరికి ఒకటి గట్టిగా పట్టుకుంది.
లాగితే రాలేదు. బేరం కూడా ఆడలేదు.

నిషేధం ఎత్తేసిన రాత్రి బయల్దేరాం.
డాల్ఫిన్స్ నోస్ దీపం వెనకబడింది.
తెల్లారి పైకెక్కి పలకలు తుడిచాను.
పోర్టు బొగ్గుదుమ్ము, దాని మీద ఉప్పు, దాని మీద కాకిరెట్ట.
నా తువ్వాలు నల్లబడ్డాకే ఎండ లోపలికి దిగింది.
అన్నం ఉడికింది. పొగ లేదు, దగ్గు లేదు.
కోనాం పులుసు దించితే
డ్రైవరు కొర్లయ్య వేలు నాకి, చాలాసేపు ఆలోచించి
"ఏదో తగ్గింది" అన్నాడు.
ఉప్పు చూశాం. చింతపండు చూశాం.
తగ్గింది కిరసనాయిలు.

ఆరోనాడు వాయుగుండం.
సూర్యుడు మొహం చాటేశాడు.
డైనమో బెల్టు కూడా అప్పుడే తెగాలా!
మీటరు మీద అంకె నలభై, ముప్పై, పంతొమ్మిది.
వైర్‌లెస్ దాని మీదే, జీపీఎస్ దాని మీదే,
నా పొయ్యీ దాని మీదే.
ఇన్నాళ్లూ నిప్పు నాది. ఎవర్నీ అడిగి వెలిగించలేదు.
మొదటిసారి మెట్లెక్కి అడిగాను:
"టీ పెట్టనా, దారి చూసుకుంటావా?"
కొర్లయ్య వాన చూశాడు. అంకె చూశాడు.
"దారి."

చద్దన్నం, ఉల్లిపాయ, మూడు రోజులు.
ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

నాలుగోనాడు మబ్బు ఒకపక్క చిరిగింది.
డెక్కు మీద సత్తు గిన్నె, పారెయ్యడానికి చెయ్యి రాక
తాడుతో కట్టి ఉంచిన గిన్నె,
అంచుదాకా వాననీళ్లతో నిండి ఉంది.
ఎత్తుకుని పైకెక్కాను.
పలకల మీది ఉప్పంతా ఆ తీపినీళ్లతోనే కడిగాను,
చుక్క పారబోయకుండా.

కింద మీటరు దగ్గర పిల్లడు అరిచాడు:
"పదకొండు... పదకొండే...
పన్నెండు!"